మీ ప్రశ్నలు: వందేళ్ళ కిందట గే వాళ్ళ బతుకు ఎలా ఉండేది?

పోయిన సంచికలో బెర్లిన్ డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ గురించి నాలుగు ముక్కలు రాశాను, గే వాళ్ళని జైలుకి పంపే చట్టం తీసెయ్యండని ఆయన 1897లోనే సంతకాల సేకరణ మొదలుపెట్టాడని. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఏ జవాబుకీ రాలేదు. తిట్టినవి పక్కన పెట్టేశాను. మిగతావాటిలో ఎక్కువమంది అడిగినవి తీసుకుని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నా. పేర్లు వెయ్యొద్దని చాలామంది రాశారు కాబట్టి అందరివీ ఊర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న (విజయవాడ, డిగ్రీ విద్యార్థి): 1920ల బెర్లిన్ మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి సార్, గే క్లబ్బులు, పత్రికలు, డ్యాన్సులు. మీరేమో అప్పుడు జైలు శిక్ష ఉండేదని రాశారు. ఏది నిజం?

రెండూ నిజమే తమ్ముడూ. జర్మనీ శిక్షాస్మృతిలో 175వ సెక్షన్ అని ఒకటుండేది, 1872 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. ఇద్దరు మగవాళ్ళ మధ్య శారీరక సంబంధం ఉంటే జైలు, పైగా పౌర హక్కులు కూడా తీసెయ్యొచ్చు. అయితే కోర్టులు దాన్ని చాలా ఇరుకుగా చదివేవి, అంటే ఫలానా పని జరిగిందని రుజువైతేనే నేరం, ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుని తిరిగినా, కలిసి డ్యాన్స్ చేసినా చట్టానికి పట్టదు. డ్యాన్స్ హాల్లో ఏం కాదు, ఇంటికెళ్ళి తలుపేసుకుంటే నేరం, అదీ పరిస్థితి.

బెర్లిన్ పోలీసులు 1885లోనే వీళ్ళ కోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. బార్లన్నీ మూయించి జనాన్ని చీకట్లోకి తోలడం కన్నా అందరూ ఒకచోట కనబడుతుంటే నిఘా పెట్టడం తేలిక అని వాళ్ళ లెక్క. ఆ వెసులుబాటులోనే క్లబ్బులు పెరిగాయి, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక సెన్సార్ సడలింది, 1919 నుంచి గే వాళ్ళ వారపత్రిక మామూలు పేపర్ల షాపుల్లో బయటకి వేలాడదీసి అమ్మారు. అదే ఏడాది జులైలో హిర్ష్‌ఫెల్డ్ తన ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు, లైంగిక విషయాల మీద పరిశోధన చెయ్యడానికి ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. డబ్బుల్లేనివాళ్ళకి ఉచితంగా చూసేవాళ్ళు, సాయంత్రాలు ఉపన్యాసాలుండేవి, ప్రశ్నలు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే పేరు అడక్కుండా జవాబు చెప్పేవాళ్ళు. మగవాడిగా పుట్టి ఆడబట్టలు కట్టుకునేవాళ్ళని పోలీసులు రోడ్డు మీద పట్టుకోకుండా, డాక్టర్ సర్టిఫికెట్ మీద పోలీసులే ఒక పాస్ ఇచ్చే ఏర్పాటు 1909 ప్రాంతంలోనే ఆయన సాధించాడు.

కానీ ఇదంతా బెర్లిన్, ఇంకో రెండు మూడు పెద్ద నగరాలు. వీడియోల్లో కనబడని చిన్న ఊరి గుమాస్తాకో స్కూల్ మాస్టారుకో ఇవేవీ లేవు.

ప్రశ్న (కరీంనగర్, రిటైర్డ్ ఉద్యోగి): అసలు ఏటా ఎంతమందికి శిక్ష పడేది? పుస్తకంలో ఉండి పెద్దగా వాడని చట్టం వల్ల అంత హాని ఏముంటుందండీ? మన దగ్గర ఇలాంటి సంబంధాల మీద ఉండిన 377వ సెక్షన్ కూడా అలాంటిదే కదా.

అయ్యా, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు థాంక్స్, అసలు విషయం ఇక్కడే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ మొత్తం మీద శిక్ష పడింది ఏడాదికి కొన్ని వందల మందికే. అంత పెద్ద దేశానికి అది తక్కువే. కానీ ఆ చట్టాన్ని పోలీసుల కన్నా ఎక్కువ వాడుకున్నది బ్లాక్‌మెయిలర్లు. పార్కులోనో బార్‌లోనో పరిచయం పెంచుకుని, ఒక ఉత్తరం చేతికి చిక్కించుకుని, నెలనెలా డబ్బు పిండటం వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు బెర్లిన్‌లో ఎంతమంది ఉండేవాళ్ళంటే పోలీసుల ఆ ప్రత్యేక విభాగానికి గే వాళ్ళతో పాటు బ్లాక్‌మెయిలర్ల పని కూడా అప్పజెప్పారు. బాధితుడు స్టేషన్‌కి వెళ్తే? వెళ్ళినవాడు ముందు తన నేరం ఒప్పుకున్నట్టే. అందుకే వెళ్ళేవాడు కాదు, ఇల్లు అమ్మి కట్టేవాడు, లేదంటే ఇంకో దేశం పారిపోయేవాడు, లేదంటే విషం తాగేవాడు.

హిర్ష్‌ఫెల్డ్ ఈ పనిలోకి రావడానికి కారణం కూడా అలాంటి చావే. ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చే ఒక సైనికాధికారి పెళ్ళికి ముందు రాత్రి కాల్చుకుని చనిపోయాడు, ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేని సంగతి డాక్టర్‌కి రాసి పెట్టి పోయాడు. ఆ తర్వాతే ఆయన 1896లో ఈ విషయం మీద మొదటి చిన్న పుస్తకం, అది కూడా మారుపేరుతో, వేశాడు, మరుసటి ఏడాది మే 15న ఆ చట్టం తీసేయించడానికి ఒక సంఘం పెట్టాడు. 1919లో ఆయన సాయంతోనే ఒక మూకీ సినిమా తీశారు, అందులో కథ అచ్చం ఇదే. పేరున్న వయొలిన్ కళాకారుడు, అతన్ని పీల్చుకు తినే బ్లాక్‌మెయిలర్. విసిగిపోయి ఆ కళాకారుడు కేసు పెడతాడు, కోర్టు బ్లాక్‌మెయిలర్‌ని శిక్షిస్తుంది, అదే నోటితో ఇతన్నీ శిక్షిస్తుంది, ఎన్నాళ్ళో తెలుసా, ఒక్క వారం. ఆ వారం జైలు దగ్గరే బతుకంతా కూలిపోయింది, కచేరీలు రద్దు, తెలిసినవాళ్ళు మొహం తిప్పుకున్నారు, చివరికి విషం. మీరు అడిగిన లెక్కల్లో అది ఒక కేసు, ఒక వారం శిక్ష, అంతే కనబడుతుంది. ఆ సినిమాని 1920లో జనం చూడకుండా ఆపేశారు, డాక్టర్లు లాంటివాళ్ళకి తప్ప.

పెద్దవాళ్ళకి కూడా ఇది తప్పలేదు. 1902 నవంబర్‌లో, జర్మనీలో అందరికన్నా ధనవంతుడైన ఉక్కు, ఫిరంగుల ఫ్యాక్టరీల యజమాని క్రుప్ మీద ఇటలీలోని కాప్రీ దీవి సంగతులన్నీ సోషలిస్టుల పత్రిక అచ్చేసింది. వారం తిరిగేసరికి మనిషి పోయాడు. గుండెపోటనో పక్షవాతమనో చెప్పారు గానీ ఆత్మహత్యేనని జనం అనుకున్నారు. ఇక్కడ నాకు బాధ అనిపించేదేంటంటే ఆ చట్టం పోవాలని పార్లమెంటులో మొదట మాట్లాడింది కూడా ఆ సోషలిస్టు పార్టీ నాయకుడు బేబెలే, 1898లో. చట్టం తప్పన్న పార్టీయే శత్రువు దొరికేసరికి ఆ చట్టాన్నే రాయి చేసుకుని విసిరింది.

1907లో ఇంకా పెద్దది. చక్రవర్తికి ప్రాణస్నేహితుడు ఆయిలెన్‌బుర్గ్ ప్రభువు, ఆయన చుట్టూ ఉన్న సైన్యాధికారి మోల్ట్కె, వీళ్ళు అలాంటివాళ్ళని హార్డెన్ అనే ఎడిటర్ రాశాడు. రాజకీయంగా చక్రవర్తి దగ్గర్నుంచి వాళ్ళని తప్పించాలని అతని ఉద్దేశం. మోల్ట్కె పరువునష్టం కేసు వేస్తే కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పింది ఎవరనుకున్నారు, మన హిర్ష్‌ఫెల్డే. ఇతని స్వభావం అలాంటిదే అని చెప్పాడు. ఇంత పెద్దవాళ్ళలో కూడా ఉన్నారని లోకానికి తెలిస్తే చట్టం మారుతుందని ఆయన ఆశ. అది ఆయన చేసిన పెద్ద తప్పని నా అభిప్రాయం, ఒక మనిషి ఒప్పుకోకుండా అతని గుట్టు నిండు కోర్టులో విప్పడం మంచి ఉద్దేశంతో చేసినా తప్పే. ఫలితం కూడా తిరగబడింది, దేశమంతా రోత పుట్టింది, సంఘానికి చందాలిచ్చేవాళ్ళు జారుకున్నారు. ఆయిలెన్‌బుర్గ్‌కి వ్యతిరేకంగా పాతికేళ్ళ నాటి సంగతులు చెప్పడానికి ఒక జాలరిని వెతికి పట్టుకొచ్చారు, ప్రభువుని 1908లో స్ట్రెచర్ మీద కోర్టుకి మోసుకొచ్చారు, ఆరోగ్యం బాగోలేదని విచారణ వాయిదా పడుతూనే ఉంది, 1921లో ఆయన చనిపోయేదాకా తీర్పన్నదే రాలేదు.

ఇక మన 377. మీరన్న మాటే సుప్రీంకోర్టు 2013 తీర్పులో ఉంది, నూట యాభై ఏళ్ళలో ఈ సెక్షన్ కింద కేసులు నడిచింది 200 మంది మీద కూడా లేదు అని. ఆ సంఖ్య చూసి హాని లేదన్నారు. నేను ఆ తీర్పు చదివినప్పుడు నాకు బెర్లిన్ బ్లాక్‌మెయిలర్లే గుర్తొచ్చారు, ఎందుకంటే కోర్టు దాకా రానివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఇంగ్లండ్‌లో 1885లో తెచ్చిన ఇలాంటి చట్టానికి, ఆస్కార్ వైల్డ్‌ని 1895లో రెండేళ్ళు కఠిన శిక్షకి పంపింది అదే, అక్కడివాళ్ళే బ్లాక్‌మెయిలర్ల హక్కుపత్రం అని పేరు పెట్టారు. ఆ 2013 తీర్పుని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టే తిరగరాసింది, అది మీకు తెలిసిందే.

ప్రశ్న (గుంటూరు, గృహిణి): ఎక్కడ చూసినా మగవాళ్ళ గురించే ఉంది. ఆడవాళ్ళ సంగతేంటి మేడమ్/సార్?

175లో ఆడవాళ్ళ ప్రస్తావన లేదమ్మా. 1909లో కొత్త శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు వాళ్ళనీ కలపాలని చూశారు, అప్పటి మహిళా సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి, రూమ్ పంచుకుని ఉద్యోగాలు చేసుకునే ఇద్దరు ఆడవాళ్ళని ఎవరు పడితే వాళ్ళు బెదిరించడానికి దారి తెరుస్తున్నారని. ఆ వాదన నాకు చాలా నచ్చుతుంది, వాళ్ళకి విషయం ఎక్కడుందో సరిగ్గా అర్థమైంది. యుద్ధం రావడంతో ఆ ముసాయిదా మూలపడింది. 1924 నుంచి బెర్లిన్‌లో లెస్బియన్ల కోసం ఒక పత్రిక కూడా నడిచింది. చట్టం లేదు కదా అని సుఖంగా ఉన్నారని మాత్రం కాదు, పెళ్ళి చెయ్యడమే వాళ్ళకి పడిన శిక్ష, దానికి కోర్టు అక్కర్లేదు.

ప్రశ్న (రాజమండ్రి): ఇదంతా తెల్లవాళ్ళ గోల. మన దేశంలో ఆ రోజుల్లో ఇలాంటివి లేవు, చట్టాలూ లేవు. మీరెందుకు నెత్తినెత్తుకుంటున్నారు?

చట్టం మాత్రం తెల్లవాళ్ళదే, అందులో మీతో ఏకీభవిస్తా. 377ని మెకాలే కమిషన్ ముసాయిదా మీద కట్టి 1860లో చేశారు, 1862 జనవరి 1 నుంచి అమలు, యావజ్జీవం దాకా శిక్ష. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మీ రాజమండ్రికీ అదే వర్తించింది. ఇక లేవు అన్నారు, లేకపోతే 1925లో సింధ్ కోర్టు కూర్చుని, కలయికకి ప్రకృతి పెట్టిన ఉద్దేశం పిల్లలు పుట్టడం కాబట్టి అది కుదరని పని ప్రకృతి విరుద్ధం అని తీర్పు ఎందుకు రాసింది? 1934లో అక్కడే ఇంకో కేసు, ఒక ఇరానీ దుకాణదారు, ఒక కుర్రాడు. తాళంచెవి కన్నంలోంచి తొంగి చూసినవాళ్ళే సాక్షులు. నేరం రుజువు కాలేదని పై కోర్టు వదిలేసింది. వదిలేసింది సరే, ఆ తర్వాత ఆ కుర్రాడు ఆ వీధిలో ఎలా తిరిగాడో ఊహించండి.

నెత్తినెత్తుకున్నది నేనొక్కణ్ణే కాదు. హిర్ష్‌ఫెల్డ్ స్వయంగా 1931లో ఇండియా వచ్చాడు, ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు, అలహాబాద్‌లో నెహ్రూని కలిశాడు. అప్పట్లో ఒక అమెరికా రచయిత్రి మన దేశాన్ని లైంగికంగా చెడిన దేశంగా చూపిస్తూ పుస్తకం రాస్తే దాన్ని గట్టిగా ఖండించి, మనకి స్వాతంత్ర్యం రావాలన్నాడు. మన తరఫున మాట్లాడిన మనిషి ఆయన, ఆయన గోల మనకెందుకు అనడం నాకు మనసొప్పదు.

ప్రశ్న (సికింద్రాబాద్): మరి నిజాం రాజ్యంలో?

దీనికి సూటిగా దొరికే ఆధారం హిజ్రాల మీద తెచ్చిన చట్టం. 1329 ఫస్లీ, అంటే మన లెక్కలో 1919. ఒక పక్క బెర్లిన్‌లో ఇన్‌స్టిట్యూట్ తెరుస్తున్న ఏడాదే ఇక్కడ హైదరాబాద్‌లో ఈ చట్టం. పిల్లల్ని ఎత్తుకుపోతారనే అనుమానం పేరుతో వాళ్ళ పేర్లు, ఇళ్ళు రిజిస్టర్‌లో రాసి పెట్టాలి. ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, పాడినా ఆడినా వారంట్ లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలు. బ్రిటిష్ వాళ్ళు 1871లో ఉత్తరాదిలో చేసిన నేరస్త జాతుల చట్టంలో హిజ్రాల భాగం ఉంది కదా, దాని పోలికే. ఘోరం ఏంటంటే నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం మాత్రం పేరు మార్చుకుని పుస్తకాల్లో కూర్చునే ఉండిపోయింది. ట్రాన్స్ సముదాయం వాళ్ళు 2018లో హైకోర్టుకి వెళ్తే 2023 జులైలో ఆ చట్టాన్ని కొట్టేశారు. నూరేళ్ళు దాటాక.

ఇంకో సంబంధం ఉంది, చాలామందికి తెలీదు. ఇంగ్లిష్ నవలాకారుడు ఈ.ఎం. ఫార్‌స్టర్ ప్రాణంగా ప్రేమించిన స్నేహితుడు సయ్యద్ రాస్ మసూద్ 1916 నుంచి పన్నెండేళ్ళు హైదరాబాద్ రాజ్యానికి విద్యాశాఖ డైరెక్టర్, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టినప్పుడు ఉన్నవాళ్ళలో ముఖ్యుడు. మసూద్ వైపు నుంచి అది స్నేహమే. ఫార్‌స్టర్ 1921లో ఆయన్ని చూడ్డానికి హైదరాబాద్ వచ్చాడు. ఈ ఫార్‌స్టరే 1913, 14లో ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద ఒక నవల రాశాడు, చివర్లో ఇద్దరూ కలిసి బతుకుతారు, ఎవరూ చావరు. రాసి దాచిపెట్టుకున్నాడు. దగ్గరివాళ్ళకి చదవమని ఇచ్చేవాడు, మళ్ళీ తీసి దాచేవాడు. 1970లో ఆయన పోయాక, 1971లో గానీ అది అచ్చవలేదు. అంత పేరున్నవాడు, ఇంగ్లండ్‌లో 1967లో చట్టం మారినా కూడా, బతికుండగా బయట పెట్టలేకపోయాడు.

ప్రశ్న (న్యూజెర్సీ): అంత ఉద్యమం నడిచిన జర్మనీలోనే అంత ఘోరం ఎలా జరిగింది?

గెలుపు అంచుదాకా వచ్చి పోయింది. ఐన్‌స్టీన్, థామస్ మాన్, హెర్మన్ హెస్సే, రిల్కె, ఇలాంటివాళ్ళందరూ హిర్ష్‌ఫెల్డ్ సేకరించిన ఆ సంతకాల్లో ఉన్నారు. 1929 అక్టోబర్ 16న పార్లమెంటు కమిటీ 15కి 13 ఓట్లతో 175 తీసెయ్యమంది. అదే నెలలో అమెరికాలో మార్కెట్ కూలింది, జర్మనీలో ఉద్యోగాలు పోయాయి, మరుసటి ఏడాది ఎన్నికల్లో నాజీలు రెండో పెద్ద పార్టీ అయ్యారు, ఆ బిల్లు సభ ముందుకే రాలేదు. వీధుల్లో ద్వేషం ముందే ఉంది, 1920లో మ్యూనిక్‌లో ఉపన్యాసం ఇచ్చి వస్తుంటే హిర్ష్‌ఫెల్డ్‌ని ఎంత కొట్టారంటే చచ్చిపోయాడని పేపర్లు రాశాయి, తన చావు వార్త ఆయనే చదువుకున్నాడు. యూదుడు, సోషలిస్టు, గే, మూడూ ఒక్క మనిషిలో ఉంటే వాళ్ళకి ఇంకేం కావాలి.

నాజీలు గద్దెనెక్కాక, 1933 మే 6 ఉదయం విద్యార్థులు లారీల్లో బ్యాండు మేళంతో ఇన్‌స్టిట్యూట్ మీదికి వచ్చారు. రౌడీలు కాదు, కాలేజీ విద్యార్థులు. తలుపులు పగలగొట్టి, గోడల మీద ఫొటోలు పీకి, రాతప్రతుల మీద సిరా సీసాలు గుమ్మరించారు. డాక్టర్ ఏడని అడిగితే విదేశంలో మలేరియాతో ఉన్నాడన్నారు, మేం చంపక్కర్లేకుండానే పోతాడులే అన్నట్టు మాట్లాడారు. నాలుగు రోజుల తర్వాత మే 10 రాత్రి నగరం నడిబొడ్డున, యూనివర్సిటీ ఎదుటి చౌక్‌లో వేసిన మంటలో ఆ లైబ్రరీ పుస్తకాలు 10,000 పైన తగలబడ్డాయి. ఆయన తల విగ్రహాన్ని కర్రకి గుచ్చి ఊరేగించారు. ఆయన పారిస్‌లో సినిమా హాల్లో న్యూస్‌రీల్‌లో చూశాడు ఇదంతా, ముప్పై ఏళ్ళ పని. 1935 మే 14న, సరిగ్గా పుట్టినరోజునాడే, నీస్‌లో పోయాడు.

అదే ఏడాది సెప్టెంబర్ నుంచి 175ని ఎంత సాగదీశారంటే ముట్టుకోవడం కూడా అక్కర్లేదు, చూపు చాలు. 1938లో ఒక్క ఏడాదిలోనే 8,000 మందికి పైగా శిక్షలు. వేలమందిని గులాబీ రంగు త్రికోణం కుట్టిన బట్టలేసి క్యాంపులకి తోలారు. నన్ను ఎక్కువ కలచివేసేది మాత్రం యుద్ధం అయిపోయాక జరిగింది. క్యాంపుల నుంచి అందరూ విడుదలయ్యారు, వీళ్ళలో కొందరిని మాత్రం మిగిలిన శిక్ష పూర్తి చెయ్యమని జైళ్ళకి పంపారు, ఎందుకంటే పశ్చిమ జర్మనీ నాజీలు మార్చిన ఆ సెక్షన్‌నే 1969 దాకా అలాగే ఉంచింది. పూర్తిగా తీసేసింది 1994లో. పాత శిక్షలు రద్దు చేసింది 2017లో, అప్పటికి ఎంతమంది మిగిలుంటారు.

ప్రశ్న (హైదరాబాద్, 24 ఏళ్ళు): సార్, ఇది చరిత్ర ప్రశ్న కాదు. డేటింగ్ యాప్‌లో కలిసిన ఒకతను మా చాట్లు, ఫొటోలు ఇంట్లోవాళ్ళకీ ఆఫీసుకీ పంపిస్తానని డబ్బు లాగుతున్నాడు. రెండుసార్లు ఇచ్చా. పోలీసుల దగ్గరికి వెళ్తే నన్నే లోపలేస్తారా?

వెయ్యరు నాన్నా. నీ ఉత్తరం అందరికన్నా ముందు చదివాను, మెయిల్‌లో విడిగా జవాబు కూడా పంపాను, చూసుకో. ఇక్కడ మళ్ళీ రాస్తున్నది నీలాంటివాళ్ళు ఇంకా ఉంటారని.

ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకంగా జరిగింది ఈ దేశంలో 2018 నుంచి నేరం కాదు. నేరం చేసింది అతను. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం, నీ ఏకాంతపు ఫొటోలు పంచితే ఐటీ చట్టం కింద ఇంకో కేసు. ఇంక ఒక్క రూపాయి కూడా పంపకు, పంపినకొద్దీ అడుగుతూనే ఉంటాడు. చాట్లు డిలీట్ చెయ్యకు, భయంతో అందరూ ముందు చేసేది అదే, కానీ నీకు సాక్ష్యం అవే. స్క్రీన్‌షాట్లు, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్లు, అతని ఫోన్ నంబర్ ఒక చోట పెట్టుకో. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబర్ 1930కి ఫోన్ చెయ్యి, లేదా జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ రాయి. స్టేషన్‌కే వెళ్ళాలనుకుంటే ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, మా ఏరియా కాదనకూడదు. అక్కడ ఎవరైనా వెటకారంగా మాట్లాడితే, మాట్లాడొచ్చు, వెనక్కి రాకు, న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి చేస్తే ఉచితంగా న్యాయ సలహా దొరుకుతుంది. ఒక్కడివే వెళ్ళకు, నమ్మే ఫ్రెండ్ ఒకరిని తోడు తీసుకెళ్ళు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, కేసు పెట్టడానికి ఇంట్లో చెప్పక్కర్లేదు.

రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని రాశావు. 14416 టెలీమానస్, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఏ టైంలో అయినా తెలుగులో మాట్లాడతారు. ముందు ఆ ఫోన్ చెయ్యి, 1930 ఆ తర్వాత చేసినా పర్లేదు. చేశాక నాకు రెండు ముక్కలు రాయి.